దాగుడుమూతలాడే లోపం

మీ ఇంట్లో ఒక పాత టేబుల్ ఫ్యాను ఉందనుకోండి. అది తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపటికి దానంతట అదే మళ్ళీ తిరుగుతుంది. మీ నాన్నగారు విసుగెత్తి మెకానిక్కును పిలుచుకువస్తారు. అతను స్విచ్చి వేయగానే ఫ్యాను ఏ లోపమూ ఎరగనట్టు గిర్రున తిరుగుతుంది! "బాగానే ఉంది కదండీ" అంటూ అతను వెళ్ళిపోతాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఫ్యాను మళ్ళీ ఆగిపోతుంది.

పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం కంటే, అప్పుడప్పుడు మాత్రమే చెడిపోయే యంత్రాన్ని బాగుచేయడం చాలా కష్టం. ఎందుకంటారా? ఎదురుగా నిలబడిన దొంగను పట్టుకోవచ్చు. దాక్కున్న దొంగను పట్టుకోవాలంటే, వాడు ఎప్పుడు బయటికి వస్తాడో ముందు తెలుసుకోవాలి. అలాంటి దొంగనొకణ్ణి ఈసారి మనం కలిసి పట్టుకుందాం. వాడు దాక్కున్న చోటు ఒక పాత కారు ఇంజను.

డ్రైవరు కష్టం

ఒక ఊళ్ళో ఒక డ్రైవరు ఉన్నాడనుకోండి. అతనికి నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు కారు ఒకటుంది. దాన్ని బాడుగకు తిప్పి సంసారం నెట్టుకొస్తున్నాడు. పది రోజులుగా ఆ కారు అతన్ని ఏడిపిస్తోంది. ఉదయం బయలుదేరితే 15 కిలోమీటర్ల దాకా చక్కగా పరుగెత్తుతుంది. ఆ తర్వాత ఇంజను తడబడటం మొదలుపెడుతుంది. కారు కుదుపులిస్తుంది. సైలెన్సరులోంచి ఉండుండి 'ఠప్' మని చప్పుడు వస్తుంది. దీన్నే మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు. కారును చెట్టు నీడన అరగంట ఆపితే మళ్ళీ మామూలుగా నడుస్తుంది.

మొదటి మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు. రెండో అతను కార్బరేటరు విప్పి శుభ్రం చేశాడు. మూడో అతను పెట్రోలు పంపు మార్చాడు. ముగ్గురూ కారును 2 కిలోమీటర్లు తిప్పి చూసి, బాగైందన్నారు. ముగ్గురూ డబ్బు తీసుకున్నారు. మర్నాడు 15 కిలోమీటర్లు దాటగానే మళ్ళీ మిస్సింగ్!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ముగ్గురూ చేసిన తప్పు ఏమిటి? లోపం బయటపడటానికి 15 కిలోమీటర్లు పడుతున్నప్పుడు, 2 కిలోమీటర్లు తిప్పి చూస్తే ఏం తేలుతుంది? ఏమీ తేలదు. ఏ భాగమూ మార్చకుండా తిప్పినా కారు ఆ 2 కిలోమీటర్లూ బాగానే నడిచేది!

డ్రైవరుకు ఇప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడింది. పక్క వీధిలో ఉండే ఒక పెద్దాయనకు రేపు ఉదయం ఆపరేషను. ఆసుపత్రి 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. తెల్లవారుజామునే తీసుకువెళతానని డ్రైవరు మాట ఇచ్చాడు. కారు దారిలో మొరాయిస్తే? అతను చివరికి ఊరి చివర షెడ్డులో ఉండే ముసలి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

ఆయన పానా పట్టుకోలేదు. ముందు ఒక కాగితం, పెన్సిలు పట్టుకున్నాడు. ఆయన ఏం చేశాడో తెలియాలంటే ఇంజను ఎలా పనిచేస్తుందో మనకు కాస్త తెలియాలి.

నిప్పురవ్వ కథ

పెట్రోలు ఇంజనులో సిలిండరు లోపలికి పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం వస్తుంది. పిస్టను పైకి వచ్చి దాన్ని అదిమిపెడుతుంది. సరిగ్గా అప్పుడే ప్లగ్గు కొసన ఒక నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం భగ్గున మండి, వేడి వాయువులు పిస్టనును కిందికి నెడతాయి. తర్వాత పిస్టను మళ్ళీ పైకి వచ్చి పొగను బయటికి తోసేస్తుంది. నాలుగు అడుగుల ఈ నాట్యాన్ని 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో తన ఇంజనులో చేసి చూపించాడు.

నాలుగు అడుగులకు ఇంజను ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి నిప్పురవ్వ పుట్టాలి. నాలుగు సిలిండర్లకు కలిపి ఒక చుట్టుకు రెండు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుంటే, నిమిషానికి 6000 నిప్పురవ్వలు కావాలి. సెకనుకు 100 అన్నమాట! వీటిలో కొన్ని తప్పిపోతే చాలు, ఇంజను తడబడుతుంది.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ప్లగ్గు కొసన ఉండే సుమారు 0.6 మిల్లీమీటర్ల సందును దాటి, అదిమిపెట్టిన మిశ్రమంలోంచి నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ వోల్టులు ఎక్కడినుంచి వస్తాయి?

1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విషయం ఇక్కడ పనికివస్తుంది. ఒక తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. క్షేత్రం ఎంత త్వరగా మారితే వోల్టేజి అంత ఎక్కువ. ఈ సూత్రంతో బ్యాటరీ నుంచి నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటును 1910 ప్రాంతంలో అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ కార్లకు తెచ్చాడు. మన దేశంలో తయారైన పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని పెట్రోలు కార్లలో ఉన్నదీ ఈ ఏర్పాటే.

కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. మొదటిది లావు తీగతో కొన్ని వందల చుట్లు. రెండోది సన్నని తీగతో వేల చుట్లు. బ్యాటరీ విద్యుత్తు మొదటి చుట్టలో ప్రవహిస్తుంది. ఆ ప్రవాహాన్ని కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్చికి 'పాయింట్లు' అని పేరు. అవి విడిపోయినప్పుడు వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు విడివడగానే ప్రవాహం తెగుతుంది. అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. డిస్ట్రిబ్యూటరు మూతకింద తిరిగే రోటరు ఆ విద్యుత్తును వంతు ప్రకారం ఒక్కొక్క ప్లగ్గుకు పంచుతుంది. పైన చెప్పిన రెండు కార్లలోనూ ఆ వరుస 1, 3, 4, 2.

ఇందులో ఒక చిక్కుంది. పరుగెత్తేవాడు ఒక్కసారిగా ఆగలేడు కదా! మొదటి చుట్టలోని ప్రవాహమూ అంతే. పాయింట్లు విడివడుతున్నా ఆ చిన్న సందులోంచి మెరుస్తూ దూకాలని చూస్తుంది. అలా దూకితే క్షేత్రం నిదానంగా కూలుతుంది, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ నీరసపడుతుంది. పైగా పాయింట్లు కాలి నల్లబడతాయి. దీన్ని ఆపడానికే పాయింట్ల పక్కన బొటనవేలంత కండెన్సరు ఒకటి పెడతారు. దాని ధారణశక్తి సుమారు 0.2 మైక్రోఫారడ్. దూకబోయే ప్రవాహాన్ని అది ఆ క్షణంలో తనలోకి తీసుకుంటుంది. ప్రవాహం చటుక్కున తెగుతుంది.

ఇక షెడ్డుకు తిరిగి వెళదాం.

మొదటి ప్రశ్న: ఎప్పుడు?

"మిస్సింగ్ ఎప్పుడు వస్తోంది నాయనా?" అని ముసలి మెకానిక్కు అడిగాడు.

"ఎప్పుడు పడితే అప్పుడే బాబాయ్!" అన్నాడు డ్రైవరు.

"అలా కాదు. వాన రోజునా? ఎత్తు ఎక్కేటప్పుడా? గతుకుల్లోనా? ఇంజను వేడెక్కాకా?"

డ్రైవరు ఆలోచించాడు. వాన పడి చాలా రోజులైంది. మిస్సింగ్ మొదలయ్యాక కారు ఆపి ఇంజను ఊరికే తిరుగుతున్నా అది ఆగడం లేదు. కాబట్టి ఎత్తులు, గతుకులు కారణం కావు. 15 కిలోమీటర్లు నడవాలి, అరగంట ఆపితే పోతుంది. వేడెక్కితే వస్తోంది, చల్లారితే పోతోంది!

చూశారా? 'అప్పుడప్పుడు' అన్న మాట వెనుక చాలాసార్లు ఒక నియమం దాగి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుంటే సగం పని అయినట్టే.

మెకానిక్కు కారెక్కి కూర్చున్నాడు. "దొంగ ఉండే చోటికి మనమే పోవాలి. పద" అన్నాడు. సరిగ్గా 15 కిలోమీటర్లు దాటాక ఇంజను తడబడింది. రోడ్డు పక్కన ఆపి, వేడి తగ్గకముందే పరీక్షలు మొదలుపెట్టారు.

రెండో ప్రశ్న: ఒక్క సిలిండరా, అన్నీనా?

ఆయన ఒక దళసరి కాగితం ముక్కను సైలెన్సరు గొట్టం దగ్గర పట్టుకున్నాడు. నాలుగింటిలో ఒక్క సిలిండరే పనిచేయకపోతే కాగితం ఒకే తీరున, లెక్క ప్రకారం తడబడాలి. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో అది సెకనుకు సుమారు 7 సార్లు. ఇక్కడ కాగితం ఒక తీరూ తెన్నూ లేకుండా కొట్టుకుంటోంది.

తర్వాత ఒక్కొక్క ప్లగ్గు వైరునే వంతులవారీగా విడదీశాడు. మంచి సిలిండరు వైరు తీస్తే ఇంజను వేగం తగ్గుతుంది. ముందే చచ్చిన సిలిండరు వైరు తీస్తే ఏ తేడా ఉండదు. ఇక్కడ ఏ వైరు తీసినా వేగం ఒకేలా తగ్గింది. అంటే లోపం ఏ ఒక్క సిలిండరుదీ కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న దాంట్లో ఎక్కడో ఉంది. ఆయన కాగితం మీద ప్లగ్గులు, వాటి వైర్లు, వాల్వులు అన్నీ కొట్టేశాడు.

మూడో ప్రశ్న: పెట్రోలా, నిప్పా?

వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారికి అడ్డుపడటం ఉంది. అది కూడా ఇంజను వేడెక్కాకే వస్తుంది. మరి రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? పెట్రోలు అందకపోతే ఇంజను కార్బరేటరు తొట్టిలో మిగిలినదాన్ని తాగుతూ మెల్లమెల్లగా నీరసిస్తుంది. నిప్పురవ్వ తప్పితే మాత్రం దీపం ఆర్పినట్టు తటాలున తడబడి, మరుక్షణం లేచి నిలబడుతుంది. ఈ కారుది రెండో రకం.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. చోక్ లాగి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచాడు. మిస్సింగ్ తగ్గలేదు. పెట్రోలు పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ వేశాడు. తగ్గలేదు. కార్బరేటరు, పంపు కూడా కాగితం మీద కొట్టివేతకు గురయ్యాయి.

నాలుగో ప్రశ్న: నిప్పు దారిలో ఎక్కడ?

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరు మూత మధ్యకు వచ్చే లావు వైరును తీసి, దాని కొసను ఇంజను లోహానికి 6 మిల్లీమీటర్ల దూరంలో నిలిపాడు. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. అక్కడ నీలంగా, 'టక్ టక్' మంటూ బలమైన నిప్పురవ్వ దూకాలి. కానీ సన్నగా, పసుప్పచ్చగా వస్తోంది. కొన్నిసార్లు అసలు రావడమే లేదు. అంటే రోటరు దాకా చేరకముందే నిప్పు నీరసించింది. రోటరు, మూత తప్పించుకున్నాయి.

చిన్న బల్బుతో చూస్తే బ్యాటరీ విద్యుత్తు కాయిల్ దాకా నిలకడగానే వస్తోంది. ఇక మిగిలినవి మూడు: కాయిల్, పాయింట్లు, కండెన్సరు.

వేడికి కాయిల్ కూడా నీరసపడుతుంది. లెక్క వేయండి. మొదటి చుట్ట నిరోధం చల్లగా ఉన్నప్పుడు 3 ఓములు అనుకుందాం. 12 వోల్టులకు 4 ఆంపియర్లు ప్రవహిస్తాయి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలు వేడెక్కితే 24 శాతం. నిరోధం 3.7 ఓములైతే ప్రవాహం 3.2 ఆంపియర్లకు పడిపోతుంది. చుట్టలో నిలవ ఉండే శక్తి ప్రవాహం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అది మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. మంచి కాయిల్ ఈ తగ్గుదలను తట్టుకుంటుంది. పాతబడిన కాయిల్ తట్టుకోలేకపోవచ్చు.

మరి ఇక్కడ నేరం ఎవరిది? ఆయన డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఇంజనును సెల్ఫ్‌తో తిప్పించాడు. పాయింట్లు విడివడినప్పుడల్లా వాటి మధ్య పెద్ద మెరుపు! పాయింట్లు కాలి నల్లబడి ఉన్నాయి. ఈ గుర్తు దేన్ని చూపిస్తుందో మీకు ఇప్పుడు తెలుసు. దూకే ప్రవాహాన్ని పట్టుకోవలసిన కండెన్సరు ఆ పని చేయడం లేదు.

కాకతాళీయం కాకూడదు

ఇక్కడ తొందరపడేవాళ్ళు కాయిల్, పాయింట్లు, కండెన్సరు మూడూ కలిపి మార్చేస్తారు. కారు బాగుపడినా బాగుపడవచ్చు. కానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు. ముసలి మెకానిక్కు అలా చేయలేదు. ఇంజను ఆపి, తన సంచీలోని మంచి కండెన్సరు ఒకదాన్ని రెండు క్లిప్పులతో పాతదానికి సమాంతరంగా తగిలించాడు. ఇంజను నడిపితే మిస్సింగ్ లేదు!

డ్రైవరు ఎగిరి గంతేశాడు. మెకానిక్కు మాత్రం ఇంజను ఆపి, ఆ కండెన్సరును తీసేశాడు.

"బాగైంది కదా బాబాయ్! మళ్ళీ ఎందుకు తీస్తావు?"

"కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలడం వల్లనే పండు పడిందని ఎలా చెబుతావు? ఈలోగా ఇంజను చల్లారి ఉండవచ్చు కదా!"

కండెన్సరు తీసి నడిపితే మిస్సింగ్ వచ్చింది. పెడితే పోయింది. తీస్తే మళ్ళీ వచ్చింది. ఇలా మూడుసార్లు. మనం 'కాకతాళీయం' అనే మాట పుట్టింది ఆ కాకి, ఆ తాటిపండు నుంచే. ఒక్కసారి జరిగినది కాకతాళీయం కావచ్చు. తీసినప్పుడల్లా వచ్చి, పెట్టినప్పుడల్లా పోతే అది కారణం.

కండెన్సరులో లోహపు రేకులు, కాగితం వంటి విద్యుద్బంధకం పొరలు చుట్టగా చుట్టి ఉంటాయి. పాతబడిన ఈ కండెన్సరులో లోపలి అతుకు వదులైంది. ఇంజను వేడి మెల్లగా డిస్ట్రిబ్యూటరుకు పాకి, లోహం వ్యాకోచించి, అతుకు విడిపోయేసరికి 15 కిలోమీటర్లు పట్టేది. చల్లారితే మళ్ళీ తగిలేది. మంచి వివరణ అంటే ఇలా ఉండాలి: లోపం ఎందుకు వచ్చిందో చెబితే చాలదు, అరగంటలో ఎందుకు పోయిందో కూడా చెప్పాలి.

కొత్త కండెన్సరు బిగించి, పాయింట్లను శుభ్రం చేసి సందు సరిచేశాక, ఇద్దరూ ఆ సాయంత్రం కారును 30 కిలోమీటర్లు నడిపారు. 2 కాదు, 30! ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. మర్నాడు పెద్దాయన వేళకు ఆసుపత్రి చేరాడు.

లోపం వేళను బట్టి అనుమానం

వేడెక్కినప్పుడు మిస్సింగ్ వస్తే కండెన్సరును, కాయిల్‌ను, గొట్టంలో పెట్రోలు ఆవిరి కావడాన్ని అనుమానించాలి.

వాన రోజున వస్తే డిస్ట్రిబ్యూటరు మూత పగుళ్ళను, పాత వైర్లను చూడాలి. తేమలోంచి విద్యుత్తు అడ్డదారి పడుతుంది. చీకట్లో చూస్తే ఆ మెరుపు కంటికి కనిపిస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే ప్లగ్గు సందు పెరిగిందేమో చూడాలి. బరువు లాగేటప్పుడు సిలిండరులో మిశ్రమం ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని దాటి దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి.

గతుకుల్లో వస్తే వదులైన వైర్లను వెతకాలి.

ఈనాటి కార్లలో పాయింట్లు లేవు. నిప్పురవ్వ వేళను కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజను ఇరుసు తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును గమనించి, ఏ సిలిండరులో మంట తప్పిందో కూడా అదే చెబుతుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటిలో ఈ ఏర్పాటు తప్పనిసరి. 'పి 0301' అని చూపితే మొదటి సిలిండరు, 'పి 0300' అని చూపితే ఏ ఒక్కటీ కాదు, అక్కడక్కడ తప్పుతోందని అర్థం. ముసలి మెకానిక్కు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అన్నమాట! కానీ కారణం ఏమిటో కంప్యూటరు చెప్పదు. మిగతా ప్రశ్నలు మనిషే అడగాలి.

ఒక హెచ్చరిక. నడుస్తున్న ఇంజను దగ్గర మీరు ఈ పరీక్షలు చేయవద్దు. ప్లగ్గు వైర్లలో వేల వోల్టులుంటాయి. ఫ్యాను వేళ్ళను తెగ్గొట్టగలదు. మూసిన షెడ్డులో ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది.

మీరు చేసి చూడండి

మీ సైకిలు తొక్కుతుంటే ఉండుండి 'టక్' మని చప్పుడు వస్తుందా? విప్పకండి. ముందు లెక్కపెట్టండి. పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తే లోపం పెడల్ దగ్గర. తొక్కడం మానేసి జారుతున్నా చక్రం చుట్టుకు ఒకసారి వస్తే చక్రంలో. టైరుకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే ఇది తేలికగా తెలుస్తుంది. మరి రెండుంబావు చుట్లు దాటాక ఒకసారి వస్తే? ముందున్న పళ్ళచక్రానికి 48 పళ్ళు, గొలుసుకు 112 లింకులు ఉంటే, గొలుసు పూర్తిగా ఒకసారి తిరగడానికి పెడల్ 112ను 48తో భాగించినన్ని చుట్లు, అంటే 2.33 చుట్లు తిరగాలి. లోపం గొలుసులో ఒక లింకుదన్నమాట!

ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. మీ సైకిలుకు ఎన్ని పళ్ళు, ఎన్ని లింకులు ఉన్నాయో ఈ ఆదివారం లెక్కపెట్టండి. పానా సంగతి తర్వాత చూసుకోవచ్చు.